ఒరుగుల చరిత్ర: జగర్గుండా సంత నుంచి నగరపు అంగడి వరకు

మానవుడు నిప్పును వశపరచుకున్న కథను చరిత్రకారులు ఎంతో విపులంగా చెప్పారు. ఎండను వశపరచుకున్న కథకు అంతటి గౌరవం దక్కలేదు. పండిన పంటను, రాలిన పువ్వును, కోసిన కాయను ఎండలో పరచి, అందులోని నీటిని సూర్యుడికి అప్పగించి, మిగిలిన సారాన్ని వానకాలానికి దాచుకోవడం వంటకంటే తక్కువ ప్రాచీనమైన విద్య కాదు. దీనికి పాత్ర అక్కరలేదు, కట్టె అక్కరలేదు. కావలసిందల్లా చదునైన నేల, ఓపిక గల చేతులు, మబ్బు పట్టినప్పుడు పరుగెత్తి ఎత్తుకునే కాళ్లు. ఈ విద్యను తరతరాలుగా కాపాడినవారు చాలావరకు స్త్రీలు. బహుశా అందుకే అది గ్రంథాలకు ఎక్కవలసినంతగా ఎక్కలేదు.

ఇటీవలి సంవత్సరాలలో నగరాల పచారీ కొట్లలో కొత్త సరుకు ఒకటి కనిపిస్తున్నది. రంగురంగుల పొట్లాలలో బెండకాయ, బీట్‌రూట్, క్యారెట్, పనస, అరటి, చిలగడదుంప ముక్కలు. పంట కింద కరకరలాడుతాయి. కాయ రంగు చెడదు, ఆకారం చెడదు. కొనేవారు వీటిని ఆధునిక విజ్ఞానం ప్రసాదించిన సరికొత్త చిరుతిండిగా భావిస్తారు. అయితే ఈ పొట్లానికి ఒక పూర్వచరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో తెలుగువారి పెరటి ఒరుగు ఒక అధ్యాయం. తెలుగు నేలకు ఉత్తరపు అంచున, శబరి నదికి ఆవల ఉన్న బస్తర్ అడవి మరొక అధ్యాయం. ఆ అడవి నడుమ ఉన్న జగర్గుండా అనే సంత ఊరు ఈ రెండింటినీ కలిపి చూడడానికి అనువైన చోటు.

ఒరుగు అనే మాట

ఎండబెట్టిన కాయగూర ముక్కను తెలుగువారు ఒరుగు అంటారు, వరుగు అని కూడా అంటారు. పాత రూపం ‘వఱుగు’. ఎండిపోవడం, శుష్కించడం అనే అర్థమిచ్చే ద్రావిడ ధాతువు నుంచి పుట్టిన పదమిది. తమిళుల ‘వత్తల్’ దీనికి తోబుట్టువు. గోరుచిక్కుడు, వంకాయ, కాకర, దోస, బుడమకాయ, మామిడి, ఉసిరి, ఇలా ఒరుగు కాని కాయ తెలుగు పెరటిలో అరుదు. మజ్జిగలో ఊరి ఎండిన మిరపకాయ, బూడిద గుమ్మడి వడియం, పొరలు పొరలుగా ఎండిన మామిడి తాండ్ర, తాటి తాండ్ర కూడా ఈ కుటుంబంలోనివే. గోదావరి ఒడ్డున ఉన్న ఆత్రేయపురం నేటికీ మామిడి తాండ్రకు ప్రసిద్ధి.

సాహిత్యంలో కూడా ఒరుగుకు సముచిత స్థానమే లభించింది. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తన ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుని ఆతిథ్యాన్ని ఋతువుల వారీగా వర్ణించాడు. ముసురు పట్టిన వానకాలంలో విష్ణుచిత్తుని ఇంట అతిథులకు వడ్డించే పదార్థాలలో వడియాలు, వరుగులు ఉన్నాయి. పచ్చి కూర దొరకని నాళ్లలో అతిథిని లోటు లేకుండా ఆదరించాలంటే వేసవిలోనే ఇల్లాలు ముందుచూపుతో ఎండబెట్టి ఉండాలి. సామ్రాజ్యాధిపతి అయిన కవి ఈ చిన్న విషయాన్ని గుర్తించి కావ్యంలో చేర్చడం విశేషం. ఒరుగు అంటే రుచి మాత్రమే కాదు, గడవబోయే కాలం గురించిన ఆలోచన అని ఆ పద్యం మనకు చెప్పకనే చెబుతుంది.

ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఇదే పదార్థాన్ని ‘ఖోయిలా’ అంటారు. ఎండు వంకాయ, ఎండు పచ్చిమామిడి అక్కడ కూడా వానకాలపు కూరలే. బూడిద గుమ్మడితో చేసే ‘రఖియా బడీ’ మన గుమ్మడి వడియానికి అచ్చమైన జోడు. భాష మారినా ఎండ మారలేదు, అవసరం మారలేదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాగులు పొంగి దారులు తెగే దేశంలో ఏప్రిల్, మే నెలల ఎండే గృహస్థుని ధాన్యాగారం.

మూడు దారుల కూడలి

జగర్గుండా నేడు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాకు చెందిన గ్రామం. 1948లో బస్తర్ సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఈ ప్రాంతం బస్తర్ జిల్లాలో ఉండేది. 1998లో దంతెవాడ జిల్లాలోకి వచ్చింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2012లో సుక్మా ప్రత్యేక జిల్లా అయింది. జిల్లాల సరిహద్దులు ఇలా మారుతూ వచ్చినా ఊరి ప్రాముఖ్యానికి కారణం మాత్రం ఒక్కటే: అది దారులు కలిసే చోటు. తూర్పున దోర్నపాల్ నుంచి, ఉత్తరాన దంతెవాడ, అరన్‌పూర్ నుంచి, పడమట బీజాపూర్ వైపు బాసాగూడ నుంచి వచ్చే మూడు దారులు ఇక్కడ కలుస్తాయి.

తెలుగు పాఠకునికి ఈ ప్రాంతం పరాయిది కాదు. బారసూరులో దొరికిన 11వ శతాబ్దపు శాసనాలలో తెలుగు శాసనాలున్నాయి. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం. కోంటా దగ్గర శబరి దాటితే తెలుగు సీమ. ఆ పరిసరాలలోని దొర్లలు మాట్లాడే మాట కోయ భాషకు చెందినది, తెలుగు వాసన బాగా సోకినది. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం సీమతో ఈ అడవికి పెళ్లి సంబంధాలు, సంత సంబంధాలు తరతరాలవి.

సంత అనగానే అది కొనుగోలు, అమ్మకం మాత్రమే జరిగే తావని భావించరాదు. బస్తర్‌లో సంత వార్తాపత్రిక, న్యాయస్థానం, చుట్టాల ఇల్లు కూడా. వారానికొకసారి పదుల గ్రామాలవారు కాలినడకన వచ్చి కలుసుకునే చోటది. ఒకప్పుడు జగర్గుండా సంత చింతపండుకు పేరు పొందింది. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు, పచ్చిమామిడిని తరిగి ఎండబెట్టిన ఆమ్‌చూర్ సంతకు వచ్చేవి. ఉప్పు, నూనె, బట్ట, ఇనుప సామాను తిరిగి పల్లెలకు వెళ్లేవి. ఈ సంతకు వచ్చిన అడవి సరుకులో అధికభాగం ఎండిన సరుకే అన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. పచ్చి పండు కాలినడకన ఇరవై కిలోమీటర్లు దాటి, వారం రోజులు ఆగి, లారీ ఎక్కి నగరానికి చేరలేదు. ఎండిన పండు చేరగలదు. అడవిని బజారుతో కలిపిన మొదటి సాంకేతిక విద్య ఎండబెట్టడమే.

ఎండలో నిండే గాదె

అడవిలో ఎండబెట్టే కాలం ఇప్పపువ్వుతో ఊపందుకుంటుంది. మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవారుజామున ఇప్పచెట్టు తన పూలను రాల్చుతుంది. కండ పట్టిన, లేత పసుపు రంగు పూలు. పొద్దెక్కేలోగా ఏరాలి. లేకుంటే పశువులు, జింకలు, ఎలుగులు ముందుగా వస్తాయి. కుటుంబానికి ఇన్ని చెట్లని పంపకం ఉంటుంది. ఎవరి చెట్టు కింద వారే ఏరుకుంటారు. అలికిన నేల మీద మూడు నాలుగు రోజులు ఎండిన తరువాత పువ్వు ముదురు గోధుమ రంగుకు తిరిగి, ఎండు ద్రాక్షను పోలి ఉంటుంది. పచ్చి పువ్వులో ముప్పాతిక వంతు దాకా నీరే. అది పోగా మిగిలినది చాలావరకు చక్కెర.

బయటివారికి ఇప్పపువ్వు అంటే సారా. అడవివారికి అది మొదట తిండి. ఉడికించి తింటారు, వేయించి దంచి ఉండ చేస్తారు, చింతగింజలతో, పప్పులతో కలిపి వండుతారు. ఈ భేదాన్ని గుర్తించని పాలన ఎంత కష్టం తెచ్చిపెట్టగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉన్నది. 1892లో బొంబాయి ప్రభుత్వం మౌరా చట్టం తెచ్చి, ఠాణా, కొలాబా జిల్లాలలో ఇప్పపువ్వు సేకరణపైన, నిల్వపైన ఆంక్షలు విధించింది. సారాను అదుపులో ఉంచి ఆబ్కారీ రాబడి కాపాడుకోవడం దాని ఆంతర్యం. కాని ఆ పువ్వుతోనే కరువు నెలలు గడిపే పేదవాడి కంచం ఆబ్కారీ లెక్కలలో కనిపించలేదు.

ఇప్ప తరువాత మామిడి. గోండీలో మామిడిని ‘మర్కా’ అంటారు. మర్కా పండుం అనే పండుగ జరిగి, కొత్త కాయను దేవరకు, పెద్దలకు సమర్పించిన తరువాతనే ఊరివారు మామిడి ముట్టుకుంటారు. తెలుగు ఏజెన్సీ కోయలు చేసే మామిడి కొత్తల పండుగ దీనికి సోదరి. కాయ ముదరకముందే కోసి వృథా చేయకుండా ఆపే కట్టుబాటు ఇందులో ఉన్నది. పండుగ ముగిశాక గాలికి రాలిన కాయల తోలు తీసి, ముక్కలు కోసి ఎండబెడతారు. వానలు ప్రారంభమయ్యాక వెదురు కొమ్ములు. లేత మొలకలను సన్నగా తరిగి, పులియబెట్టి లేదా ఎండబెట్టి దాస్తారు. పుట్టగొడుగులు, ఆకుకూరలు, చిన్న చేపలు కూడా ఎండుతాయి.

చిట్టచివరి ఆధారం మామిడి టెంక. టెంక పగులగొట్టి లోపలి జీడిని ఎండబెట్టి, పిండి చేసి, పారే నీటిలో నానబెట్టి వగరు తీసి, జావ కాచుకుంటారు. క్రిస్టోఫ్ ఫన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథంలో గోదావరి కొండల రెడ్లు జీలుగు చెట్టు గుజ్జుతో, మామిడి జీడితో ఆకలి నెలలు గడిపిన తీరును నమోదు చేశాడు. ఈ విద్యకు ప్రమాదం కూడా తోడుగా ఉన్నది. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో చెడిపోయిన మామిడి జీడి జావ తాగి గిరిజనులు మరణించారు. సరిగా ఎండనిది, తేమ తగిలి బూజు పట్టినది ఆహారం కాదు, విషం. ఎండు తిండి గురించి మాట్లాడేటప్పుడు దాని వెనుక రుచితో పాటు ఆకలి కూడా ఉన్నదని మరువరాదు.

ఉప్పు తూకం

అడవి తనకు కావలసినవన్నీ ఇస్తుంది, ఉప్పు తప్ప. కోస్తా తీరం నుంచి ఎద్దుల మీద ఉప్పు మోసుకుని లంబాడీ బిడారులు బస్తర్ అడవులలోకి వచ్చేవి. తిరుగు ప్రయాణంలో అటవీ సరుకు తీసుకుపోయేవి. దూరం ఎంత ఎక్కువైతే ఉప్పు విలువ అంత పెరిగేది. ఆ విలువ ఎంతదాకా పోయిందో సారపప్పు కథ చెబుతుంది. సారపండు తిని, గింజను కడిగి ఎండబెట్టి, తిరగలిలో విసిరి పప్పు తీయడం రోజుల తరబడి సాగే పని. నగరపు మిఠాయి అంగడిలో అది జీడిపప్పుతో పోటీపడే ఖరీదైన వస్తువు. ఆ సారపప్పును బస్తర్ సంతలలో ఉప్పుకు సరిసమానమైన తూకంతో మార్చుకున్న కాలం ఒకటి ఉండేది. మోసమని ఆ వర్తకుడొక్కడినే తిట్టి ఊరుకోవడం సులభం. కాని దారి, ధర, తూకం ఈ మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఏ సంతలోనైనా జరిగేది ఇదే.

ఎండు సరుకుకు ఈ సందర్భంలో ఒక విచిత్రమైన బలహీనత ఉన్నది. నిల్వ ఉండడం దాని బలం. అయితే ఆ నిల్వ శక్తి వల్ల లాభపడేది నిల్వ చేయగలిగినవాడే. గోదాము ఉన్నవాడు ఏప్రిల్‌లో కొని నవంబరులో అమ్ముతాడు. ఇల్లు కురిసే మనిషి ఏప్రిల్‌లోనే అమ్మి, ఆగస్టులో అప్పు చేస్తాడు. కొన్నిసార్లు తాను అమ్మిన ఇప్పపువ్వునే ఎక్కువ ధరకు తిరిగి కొంటాడు.

మామిడి కొమ్మ, మిరపకాయ

అటవీ ఫలసాయంపై హక్కు అనే ప్రశ్న బస్తర్‌లో ఒకసారి తిరుగుబాటుగా పరిణమించింది. 1905లో వలస ప్రభుత్వం బస్తర్ అడవులలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని ప్రతిపాదించింది. పోడు వ్యవసాయం, వేట, అటవీ ఫలసాయ సేకరణ ఆంక్షలకు లోనయ్యాయి. 1907, 1908 సంవత్సరాలలో కరువు వచ్చింది. 1910లో రుద్రప్రతాప్ దేవ్ రాజుగా ఉన్న కాలంలో గుండాధూర్ నాయకత్వంలో భూమ్‌కాల్ చెలరేగింది. ఊరూరికీ వార్త ఉత్తరం రూపంలో వెళ్లలేదు. మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఒక ఊరి నుంచి మరొక ఊరికి చేతులు మారాయి. తిరుగుబాటుదారులు సంతలను కొల్లగొట్టి ధాన్యం పంచారు. ప్రభుత్వ సైన్యాలు కొద్ది నెలల్లో దానిని అణచివేశాయి. అయితే రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించవలసి వచ్చింది.

అడవి నుంచి ఏరుకునే, ఎండబెట్టుకునే హక్కు పోతే బతుకు పోతుందని ఆ జనం నమ్మారు. తమ సందేశానికి మామిడి కొమ్మనూ మిరపకాయనూ చిహ్నాలుగా ఎంచుకోవడంలో ఆ బతుకే కనిపిస్తుంది. ఆ హక్కును చట్టం స్పష్టంగా గుర్తించడానికి దాదాపు వంద సంవత్సరాలు పట్టింది. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఫలసాయంపై గ్రామసభకు యాజమాన్యాన్ని ఉద్దేశించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ ఫలసాయాన్ని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కును ధ్రువపరిచింది.

చింతపండు లెక్క

హక్కు కాగితం మీద ఉన్నంతలో ధర చేతికి రాదు. ఆంధ్ర ప్రాంతంలో 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ దిశలో తొలి ప్రయత్నాలలో ఒకటి. గిరిజనుల నుంచి చింతపండు, తేనె, జిగురు వంటివి కొని, నిత్యావసర సరుకులను వారికి అందించడం దాని ఆశయం. బస్తర్‌లో 1999లో అప్పటి కలెక్టరు ప్రవీర్ కృష్ణ హయాంలో ‘ఇమ్లీ ఆందోళన్’ జరిగింది. గ్రామస్థాయి బృందాలే చింతపండు కొని, పోగుచేసి, పెద్ద బజారులో అమ్మే ఏర్పాటది. మధ్యవర్తులు కూడా తమ ధర పెంచక తప్పలేదు. కొనేవాడు ఒక్కడే ఉన్న సంతకూ, ఇద్దరున్న సంతకూ మధ్య ఉన్న దూరాన్ని ఆ ప్రయోగం నిరూపించింది.

కేంద్ర ప్రభుత్వం 2013-14లో చిన్నతరహా అటవీ ఫలసాయానికి కనీస మద్దతు ధర పథకాన్ని ప్రారంభించింది. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్‌లో వన్‌ధన్ పథకం మొదలైంది. సేకరించినవారే శుద్ధిచేసి, పొట్లం కట్టి అమ్మాలన్నది దాని ఉద్దేశం. 2020 మేలో సవరించిన మద్దతు ధరలలో ఎండు ఇప్పపువ్వు కిలోకు 17 రూపాయల నుంచి 30కి పెరిగింది. గింజ ఉన్న చింతపండుకు 36, గింజ తీసిన దానికి 63 రూపాయలు నిర్ణయమయ్యాయి.

ఈ చివరి రెండు అంకెలను కొంచెం నిదానంగా చదవాలి. చింతకాయలో సుమారు 55 పాళ్లు గుజ్జు, 34 పాళ్లు గింజ, మిగిలినది పెంకు, నార. పెంకు తీసిన కిలో పండులో గింజ పోగా మిగిలేది సుమారు 600 గ్రాములు. 63 రూపాయల చొప్పున దాని ఖరీదు 38 రూపాయలు. గింజతోనే అమ్మితే 36. అంటే కిలో పండు గింజలు తీసిన చేతులకు దక్కినది రెండు రూపాయలు, దానితో పాటు గింజ అమ్మితే వచ్చే కొద్దిపాటి పైకం. చూడడానికి ధర దాదాపు రెట్టింపైనట్లుంది. లెక్క వేస్తే పెరిగినది చాలావరకు బరువు తగ్గిన మేరకే. ఒరుగుల చరిత్ర అంతటా ఉన్న చిక్కు ఈ చిన్న లెక్కలో ఇమిడి ఉన్నది. ఎండబెట్టితే బరువు తగ్గుతుంది. బజారు బరువుకే డబ్బిస్తుంది. శ్రమ ఆవిరైపోయిన నీటితో పాటు లెక్కకు రాకుండా పోతుంది.

మూతపడిన సంత

2005లో దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు, ఈ ఉద్యమానికి, భద్రతా దళాలకు మధ్య పల్లెలు నలిగిపోయాయి. జగర్గుండా ముళ్లకంచె మధ్య శిబిరంగా మారింది. దారులు తెగాయి, వంతెనలు కూలాయి. నెలల తరబడి ఎదురుచూసిన తరువాత భద్రతా దళాల కాపలాలో లారీల వరుస వస్తే తప్ప బియ్యం, ఉప్పు అందని స్థితి ఏర్పడింది. ఒకప్పుడు పదుల ఊళ్లకు ఉప్పు పంచిన సంత ఊరే ఉప్పు కోసం ఎదురుచూసింది. 2010 ఏప్రిల్ 6న ఈ దారికి చేరువలోని తాడిమెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది మరణించారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధాలిచ్చి నియమించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చింది.

ఇళ్లు విడిచిన వేలాది మంది శబరి, గోదావరి దాటి ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి అడవులలో తలదాచుకున్నారు. తెలుగువారు వారిని గుత్తికోయలు అంటారు. వలస వచ్చినవాడు మూటలో విత్తనం తెచ్చుకోగలడు, ఇప్పచెట్టును తెచ్చుకోలేడు. చెట్టు మీద వంతు లేనిచోట ఎండబెట్టడానికి ఏముంటుంది? వేసవిలో మిరపతోటలలో కూలికి కాయ కోసి, ఇతరుల కల్లాలలో ఎర్రగా ఎండబెట్టడం వారిలో చాలామందికి బతుకుతెరువైంది. విద్య అదే, ఎండ అదే, చేతులు అవే. ఎండిన సరుకు మాత్రం తమది కాదు.

దోర్నపాల్ నుంచి జగర్గుండాకు 56 కిలోమీటర్ల దారిని గట్టి బందోబస్తు నడుమ అంచెలంచెలుగా పునర్నిర్మించారు. 2025 మేలో ఊరిలో బ్యాంకు శాఖ తెరుచుకుంది. దారి, బ్యాంకు ఉన్న సంత పాత సంత వంటిది కానక్కరలేదు. కాని రెండు దశాబ్దాల విరామంలో ఒక తరం పెరిగి పెద్దదైంది. ఇప్పపువ్వు ఏరడం, వెదురు కొమ్ము పులియబెట్టడం, మామిడి జీడి వగరు తీయడం అమ్మమ్మ నుంచి మనుమరాలికి చేతిమీదుగా వచ్చే విద్యలు. శిబిరంలో పెరిగిన పిల్లకు ఆ చేతి వరస తెగిపోయింది. పోయిన వర్తకాన్ని లెక్కకట్టవచ్చు. పోయిన నేర్పును లెక్కకట్టే పట్టిక మన వద్ద లేదు.

కరకరలాడే పొట్లం

ఇప్పుడు నగరపు పొట్లం విప్పి చూద్దాం. కాయగూరలలో 85 నుంచి 95 పాళ్లు నీరు. సూక్ష్మజీవులు పెరగకుండా ఉండడానికి ఒరుగు ఎండినంత ఎండితే చాలు. కరకరలాడాలంటే మాత్రం తేమ సుమారు 5 పాళ్లకు లోబడాలి. ఎండ ఒక్కటే దానిని సాధించలేదు. అందుకే మన ఇల్లాలు ఒరుగును ఎండబెట్టి, తినేముందు నూనెలో వేయిస్తుంది. కర్మాగారం ఈ రెండు పనులనూ ఒకచోట చేరుస్తుంది. గాలి పీడనం తగ్గించిన పాత్రలో నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. అక్కడ నూనెలో వేగిన బెండకాయ మాడకుండా, రంగు చెడకుండా పెళుసవుతుంది. మరొక పద్ధతిలో పండును గడ్డకట్టించి, ఆ మంచును నేరుగా ఆవిరి చేస్తారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రక్తపు ప్లాస్మాను నిల్వచేయడానికి ఈ పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతవాసులు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే రాత్రి మంచుకు బంగాళాదుంపలు గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి, పగటి ఎండకు ఆరబెట్టి ‘చూన్యో’ చేసుకున్నారు.

ఎండు కూరగాయను కర్మాగారానికి తీసుకుపోయినది యుద్ధమే. 1850 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో మాసోఁ రూపొందించిన పద్ధతిలో ఎండబెట్టి అచ్చులుగా నొక్కిన కూరగాయలు క్రిమియా యుద్ధంలో సైనికులకు అందాయి. మనదేశంలో 1950లో మైసూరులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, 1961లో అదే నగరంలో రక్షణ ఆహార పరిశోధనశాల ఏర్పడి ఈ విద్యను ముందుకు తీసుకుపోయాయి.

పొట్లంలోని ముక్క రుచి చూసిన తెలుగువానికి మొదట గుర్తుకు వచ్చేది ఊరమిరపకాయో, గోరుచిక్కుడు ఒరుగో కావడంలో ఆశ్చర్యం లేదు. బెండకాయ పెళుసుగా విరుగుతుంది, జిగురు జాడ ఉండదు. పనస తియ్యగా, తేలికగా ఉంటుంది. బీట్‌రూట్‌లో మట్టి వాసన మిగులుతుంది. అయితే ఒరుగుకు ఉన్న పులుపు, మజ్జిగ ఊట, ఎండ వాసన వీటికి లేవు. ‘కూరగాయ’ అనే పేరు చూసి ఇది పచ్చికూరకు సమానమని కూడా భావించరాదు. కొన్ని రకాలు నూనెలో వేగినవి, కొన్నింటికి ఉప్పు, చక్కెర పూత ఉంటుంది. విటమిన్ ‘సి’ వంటివి ఎండకు గాని వేడికి గాని నిలువవు. చిరుతిండిగా అది మంచిదే కావచ్చు. కూరకు బదులు కాలేదు. అడవివాసి ఎండు పువ్వును పచ్చి ఆకుకూరతో కలిపి తినడంలో ఈ వివేకమే ఉన్నది.

మిగిలిన పని

2021 జూలైలో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా ప్రాంతపు అడవులలో సేకరించిన ఎండు ఇప్పపువ్వు ఫ్రాన్స్‌కు ఎగుమతి అయింది. ఒకనాడు ఆబ్కారీ శాఖ అనుమానంతో చూసిన పువ్వు నేడు ఆహార పదార్థంగా సముద్రాలు దాటింది. దీనికి కావలసిన మార్పు పెద్దది కాదు. పువ్వు నేల తాకకుండా చెట్టు కింద వల కట్టడం, మట్టి అంటకుండా ఎండబెట్టడం. చెట్టు కింద ఆకులు తగులబెట్టే అలవాటు తప్పితే అడవికీ మేలు జరుగుతుంది. సాధారణ పువ్వుకూ, ఆహారానికి పనికివచ్చే శుభ్రమైన పువ్వుకూ వేరు ధర దొరికితే, శ్రమ బరువుతో కాక నాణ్యతతో కొలవబడుతుంది. పైన చెప్పిన చింతపండు లెక్క సరిదిద్దబడే దారి ఇదే.

జగర్గుండా వంటి ఊరికి పెద్ద కర్మాగారం అవసరం లేదు. వాన తగలని ఎండు కప్పులు, తేమ చేరని గోదాము, ఏప్రిల్‌లో తొందరపడి అమ్మనక్కరలేకుండా నిల్వ సరుకు మీద అప్పు ఇచ్చే బ్యాంకు, ఒకరికి ఇద్దరు కొనుగోలుదారులు ఉంటే చాలు. వీటితోపాటు సాంస్కృతిక శాఖలు, విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఈ నేర్పు తెలిసిన వృద్ధ స్త్రీలు జీవించి ఉండగానే వారి మాటల్లో, వారి భాషల్లో దానిని నమోదు చేయాలి. గోండీ, దొర్లీ, హల్బీ, తెలుగు ఈ నాలుగు భాషలూ ఒకే సంతలో వినిపించే చోట ఆ పని ఒక్క రాష్ట్రానిదో, ఒక్క భాషదో కాదు.

అన్నింటికంటే ముందు ఇంటి వంతు ఇంటిలో ఉండాలి. బజారులో ధర పెరిగినప్పుడు పేదవాడు తన గాదెను కూడా అమ్ముకోవడం చరిత్రలో పదేపదే జరిగింది. వానకాలానికి దాచుకోవడం కోసం పుట్టిన విద్య ఇది. రాయల కాలపు ఇల్లాలు అతిథి కోసం వరుగు దాచింది. బస్తర్ తల్లి బిడ్డ కోసం ఇప్పపువ్వు దాచింది. నగరంలో కరకరలాడే ప్రతి ముక్కకు అడవిలో న్యాయమైన ధర దొరకాలి. ఆ ధర కోసం ఆమె గాదె ఖాళీ కాకూడదు. ఈ రెండూ ఒకేసారి నెరవేరిన నాడే జగర్గుండా సంత నిజంగా తిరిగి తెరుచుకున్నట్లు.